తాటి నీరా దారి: అనకాపల్లి తీరం నుండి మాకవరపాలెం మీదుగా కొండ వరకు పానీయ పర్యాటకానికి గల శాస్త్రీయ ప్రాతిపదిక

సారాంశం

సముద్రతీరం వెంట చిన్నతరహా బీరు తయారీశాలలను దర్శిస్తూ సాగే యాత్రలు పలు దేశాలలో స్థానిక ఆదాయానికి ఒక మార్గమయ్యాయి. ఉత్తర కోస్తా ఆంధ్రలో అటువంటి యాత్రకు తగిన స్వదేశీ వనరు బార్లీ కాదు. తాడి, ఈత, జీలుగు చెట్ల రసం. ఈ రసం చెట్టు మీదనే పులియడం మొదలుపెడుతుంది గనుక దూరపు విపణికి చేరలేదు. వ్యాపారానికి లోపమైన ఈ గుణమే పర్యాటకానికి మూలధనం కాగలదు. రసం పులిసే తీరు, దానిని నిలిపే పద్ధతులు, మాకవరపాలెం కేంద్రంగా ఋతువులను బట్టి ఏర్పరచదగిన మార్గం, ఆరోగ్య భద్రత, గీత కార్మికునికి దక్కవలసిన భాగం ఈ వ్యాసంలో వివరించబడ్డాయి.

కీలక పదాలు: తాడి, నీరా, కల్లు, జీలుగు, కిణ్వనం, గ్రామీణ పర్యాటకం, అనకాపల్లి జిల్లా

ఉపోద్ఘాతం

అమెరికా పడమటి తీరాన ఓరెగాన్ రాష్ట్రంలోని ఆస్టోరియా వంటి చిన్న పట్టణాలకు యాత్రికులు సముద్రాన్ని చూడడానికే కాక, ఆ ఊరిలో కాచిన బీరును అక్కడే రుచి చూడడానికీ వెళతారు. మన దేశంలోనూ బెంగళూరు, హైదరాబాదు నగరాలలో ఇటువంటి తయారీశాలలు వెలిశాయి. ఈ ధోరణిని చూసి, విశాఖపట్నం నుండి అనకాపల్లి జిల్లా దక్షిణపు కొస వరకు గల రమణీయమైన తీరంలో కూడా బీరు యాత్రలు నడపవచ్చునన్న ఆలోచన కలగడం సహజం.

ఈ ఆలోచనను వ్యవసాయ దృష్టితో పరిశీలించినప్పుడు మొదట అడుగవలసిన ప్రశ్న ఒకటున్నది. ఆ పానీయంలో స్థానిక రైతు పండించినది ఎంత? బార్లీ మన కోస్తా పంట కాదు. బీరుకు చేదునిచ్చే హాప్స్ తీగ మన దేశంలో హిమాచల్ ప్రదేశ్‌లోని లాహౌల్ వంటి శీతల ప్రాంతాలకే పరిమితం. ఆ రెండింటినీ తెచ్చి విశాఖ తీరంలో బీరు కాచినచో స్థానికమైనవి నీరూ కూలీ మాత్రమే. అందుకు భిన్నంగా, ఏ విత్తనమూ ఎరువూ కొనకుండా గట్ల మీద, ఇసుక నేలల్లో పెరిగిన తాడిచెట్టు ఏటా వేసవిలో తీపి రసాన్ని ఇస్తున్నది. దానిని తీసే విద్య ఉత్తరాంధ్రలో యాత, శ్రీశయన, సెగిడి తదితర గీత వృత్తి కుటుంబాల చేతిలో తరతరాలుగా ఉన్నది. ఆ విద్య నేర్చే యువకులు తగ్గిపోతున్న కాలమిది. కావున ఈ ప్రాంతానికి తగిన పానీయ యాత్రను ఈ చెట్టు చుట్టూనే నిర్మించుకోవలసి ఉన్నది.

బీరుకూ తాటి రసానికీ గల భేదం

బీరులో మద్యసారం రావాలంటే ముందుగా ధాన్యపు పిండిపదార్థం చక్కెరగా మారాలి. అందుకై గింజను మొలకెత్తించి, ఎండబెట్టి, నీటితో వేడిచేసి, హాప్స్‌తో మరిగించి, చల్లార్చి, ఎంపిక చేసిన ఈస్టును కలుపుతారు. ఆ పై కొన్ని వారాలు నిలువ ఉంచుతారు. అంటే బీరు మనిషి నియమించిన కాలాన్ని అనుసరిస్తుంది.

తాటి రసంలో చక్కెర చెట్టులోనే సిద్ధంగా ఉంటుంది. ఉడకబెట్టే పని లేదు, ఈస్టు కలిపే పని లేదు. గెల కోసిన చోట, కుండ గోడల మీద, గాలిలో ఉన్న సూక్ష్మజీవులే ఆ పని ప్రారంభిస్తాయి. ఇక్కడ కాలాన్ని నియమించేది సూక్ష్మజీవి. చెట్టు దిగిన రసం ఉదయాన ఒక పానీయం, మధ్యాహ్నానికి మరొకటి, మరునాటికి ఇంకొకటి. దానిని ఉన్న రూపంలో సీసాలో నింపి నగరానికి పంపడం కష్టం. పానీయం ప్రయాణించలేదు గనుక ప్రయాణికుడే చెట్టు వద్దకు రావాలి. బీరు యాత్రలలో కృత్రిమంగా కల్పించుకొనే ఈ అవసరం తాటి రసానికి ప్రకృతిసిద్ధంగానే ఉన్నది.

రసం పులిసే తీరు

తాడి, శాస్త్రనామం బొరాసస్ ఫ్లాబెల్లిఫర్, ఆడ మగ వేరువేరుగా ఉండే వృక్షం. పోతుతాడు, పెంటితాడు రెండూ రసాన్నిస్తాయి. నాటిన 12 నుండి 20 ఏళ్లకు గాని చెట్టు గెల వేయదు. గెల వేసిన తర్వాత పూగెలలను కొన్ని రోజులు మెల్లగా నొక్కి మర్దించి, ఆ తర్వాత కొసను పలుచగా చెక్కుతారు. ఆ గాయం ఆరిపోకుండా ఉదయం, సాయంకాలం తాజాగా గీస్తూ ఉండాలి. గీసిన కొస నుండి బొట్లుబొట్లుగా కారే రసం లొట్టిలో చేరుతుంది.

తాజా రసంలో సుమారు 10 నుండి 13 శాతం చక్కెర ఉంటుంది. అందులో ప్రధానమైనది సుక్రోజు. దాని ఉదజని సూచిక 7 సమీపంలో ఉంటుంది. అనగా అది దాదాపు తటస్థమైన, సూక్ష్మజీవులకు ఎంతో అనుకూలమైన మాధ్యమం. మొదట లాక్టిక్ ఆమ్లాన్నిచ్చే బాక్టీరియా విజృంభించి పులుపు పెంచుతుంది. లూకోనాస్టాక్ జాతి చక్కెరను డెక్స్‌ట్రాన్ అనే జిగురుగా మార్చి రసానికి చిక్కదనాన్నిస్తుంది. ఆ వెనుక శాకరోమైసిస్ ఈస్టు, జైమోమోనాస్ బాక్టీరియా చక్కెరను మద్యసారంగానూ బొగ్గుపులుసు వాయువుగానూ విడగొడతాయి. కల్లులో కనిపించే నురుగు ఈ వాయువు వలననే. చివరగా అసిటోబాక్టర్ గాలిలోని ప్రాణవాయువుతో మద్యసారాన్ని వెనిగరుగా మారుస్తుంది. ఉదజని సూచిక అప్పటికి 4 వరకు దిగుతుంది.

ఈ క్రమంలో గరిష్ఠంగా ఎంత మద్యసారం రాగలదో లెక్క వేయవచ్చును. 342 గ్రాముల సుక్రోజు పూర్తిగా పులిసినచో 184 గ్రాముల మద్యసారం వస్తుంది. లీటరు రసంలో 120 గ్రాముల చక్కెర ఉన్నదనుకొంటే 65 గ్రాములు, అనగా సుమారు 82 మిల్లీలీటర్ల మద్యసారం ఏర్పడాలి. అది 8 శాతం. వాస్తవంలో కొంత చక్కెర ఆమ్లాలకు, జిగురుకు, సూక్ష్మజీవుల పెరుగుదలకు పోతుంది గనుక కల్లులో సాధారణంగా 4 నుండి 6 శాతం వరకే ఉంటుంది. ఈ లెక్క నుండి ఒక ఆచరణాత్మక సూత్రం లభిస్తున్నది. తాటి కల్లు అని అమ్మే పానీయపు మత్తు అంతకు ఎన్నో రెట్లు తీవ్రంగా ఉన్నదంటే, ఆ మత్తు చెట్టు నుండి వచ్చినది కాదు.

మరొక విషయం తరచుగా మరుగున పడుతుంది. సాయంత్రం కట్టిన లొట్టిని తెల్లవారి దించినచో అందులోని తొలి బొట్టు వయస్సు అప్పటికే పది, పన్నెండు గంటలు. వేసవి రాత్రులలో కూడా తీరపు గాలి వెచ్చగా, తేమగా ఉంటుంది గనుక కిణ్వనం చెట్టు మీదనే సాగిపోతుంది. పాత లొట్టిని కడగకుండా తిరిగి కట్టినచో నిన్నటి ఈస్టు నేటి రసానికి తోడు వేసినట్లవుతుంది. కావున తెల్లవారుజామున దించినంత మాత్రాన రసం నీరా కాదు.

నీరాను నిలిపే పద్ధతులు

పూర్వం నుండి వస్తున్న పద్ధతి లొట్టి లోపల సున్నం పూయడం. సున్నం వలన రసం క్షారగుణాన్ని పొంది సూక్ష్మజీవుల పెరుగుదల ఆగుతుంది. తాటి బెల్లానికి ఈ రసం చక్కగా సరిపోతుంది. అయితే సున్నం ఎక్కువైనచో నీరా రుచి చెడుతుంది. త్రాగుటకు ముందు తేర్చి వడగట్టవలసి ఉంటుంది.

రెండవ పద్ధతి చల్లదనం. కాసరగోడులోని కేంద్రీయ తోట పంటల పరిశోధన సంస్థ కొబ్బరి కోసం మంచు నింపిన పెట్టెను రూపొందించింది. గెల కొసకు తగిలించే ఆ పెట్టెలోని సంచిలో రసం కారినప్పటి నుండే చల్లగా ఉంటుంది. అలా సేకరించిన పులియని రసాన్ని ఆ సంస్థ కల్పరస అనే పేరుతో ప్రచారంలోకి తెచ్చింది. తాడికి కూడా ఇదే సూత్రం వర్తిస్తుంది. మన రాష్ట్రంలో తాడిపై పరిశోధనకు రంపచోడవరం సమీపంలోని పందిరిమామిడి ఉద్యాన పరిశోధనా స్థానం అఖిల భారత తాళ జాతుల పథకంలో కేంద్రంగా ఉన్నది.

చల్లదనానికి అయ్యే ఖర్చు ఊహించినంత పెద్దది కాదు. 10 లీటర్ల రసాన్ని 30 డిగ్రీల నుండి 5 డిగ్రీలకు దించడానికి సుమారు 1,050 కిలోజౌళ్ల వేడిని తొలగించాలి. కరిగే ప్రతి కిలో మంచు దాదాపు 350 కిలోజౌళ్లను గ్రహిస్తుంది. అంటే 3 కిలోల మంచు, దారిలో కరిగే భాగం అదనం. దీనికి భిన్నంగా తాటి బెల్లం సంగతి చూడండి. కిలో బెల్లానికి సుమారు 8 లీటర్ల రసం కాచి 7 లీటర్ల నీటిని ఆవిరి చేయాలి. పొయ్యి సామర్థ్యం 25 శాతమనుకొంటే 4 నుండి 5 కిలోల ఎండుకట్టె కావాలి.

మంచు విషయంలో తీర గ్రామాలకు ఒక అనుకూలత ఉన్నది. పూడిమడక వంటి మత్స్యకార గ్రామాలకు చేపల నిలువ కోసం మంచు తెప్పించుకోవడం నిత్యకృత్యం. ఆ సరఫరాకే నీరా అవసరాన్ని జతచేయవచ్చును. అయితే చేపలకు వాడే మంచు త్రాగునీటితో చేసినది కాకపోవచ్చు గనుక అది పెట్టెలో, సంచికి వెలుపల మాత్రమే ఉండాలి. రసానికి తగలరాదు.

పులియడం మొదలైనదో లేదో తెలుసుకొనుటకు ఉదజని సూచిక కాగితం చాలు. సూచిక 7 సమీపం నుండి 5 వైపు దిగినచో ఆ రసాన్ని నీరాగా అమ్మరాదు. చెరకు పక్వతను చూడడానికి ఈ జిల్లా రైతులకు పరిచయమైన చేతి రిఫ్రాక్టోమీటరు తాజా రసంలోని చక్కెరను చెప్పగలదు. కాని మద్యసారం చేరిన తర్వాత దాని కొలత తప్పుదారి పట్టిస్తుంది. రెండు పరీక్షలనూ యాత్రికుని ఎదుటనే చేయడం నమ్మకాన్ని పెంచుతుంది.

తీరం నుండి కొండకు: మార్గం

2022 ఏప్రిల్ 4న ఏర్పడిన అనకాపల్లి జిల్లాలో ఒక పూట ప్రయాణంలోనే సముద్రం, మెట్ట, కొండ మూడింటినీ చూడవచ్చును. పరవాడ, అచ్యుతాపురం మొదలుకొని నక్కపల్లి, పాయకరావుపేట వరకు ఇసుక తీరం. దానికి పడమరగా జాతీయ రహదారి. పేరులోనే తాళ్లు వినిపించే తాళ్లపాలెం వద్ద రహదారిని వీడి నర్సీపట్నం వైపు సాగినచో మధ్యలో మాకవరపాలెం వస్తుంది. నర్సీపట్నం దాటితే చింతపల్లి మన్యానికి, శీతకాలపు మంచుకు పేరుపడిన లంబసింగికి ఘాటు దారి. శీతకాలంలో కొండకు వెళ్లే యాత్రికులలో పలువురు ఈ దారినే పోతున్నారు. వారిని ఒక పూట నిలుపగల ఆకర్షణ ఉన్నచో మాకవరపాలెం వంటి మెట్ట మండలానికి ఆదాయం చేకూరుతుంది.

ఈ మార్గంలో మూడు తాళ జాతులు ఒకదాని వెంట ఒకటి ఎదురవుతాయి. తీరపు ఇసుకలోనూ మెట్ట గట్లపైనా తాడి, పల్లపు బీళ్లలో ఈత, కొండ వాలులలో జీలుగు. జీలుగు చెట్టు తీరు ప్రత్యేకమైనది. అది తల వద్ద మొదటి గెల వేసి, క్రమంగా కిందికి ఒక్కొక్క గెల వేస్తూ, చివరి గెలతో ఎండిపోతుంది. కల్లు తీయుట ఆ చెట్టు జీవితపు చివరి దశ. కావున గీసే ప్రతి జీలుగుకు బదులుగా మొక్కలు నాటనిదే ఆ పానీయం మన్యంలో నిలువదు.

యాత్రికుల కాలమూ తాటి రసపు కాలమూ ఒకటి కావు. విశాఖ, అరకు, లంబసింగి ప్రాంతాలకు రద్దీ నవంబరు నుండి జనవరి వరకు ఉంటుంది. తాటి రసం చిక్కగా దొరికేది ఫిబ్రవరి నుండి మే వరకు. బీరు యాత్రలకు లేని ఈ చిక్కును ఋతుచక్రాన్ని అనుసరించి పరిష్కరించుకోవచ్చును.

శీతకాలంలో ఈత రసం, తాటి తేగలు లభిస్తాయి. చెరకు గానుగలు ఆడి బెల్లం వండే కాలం కూడా అదే. అనకాపల్లి బెల్లం విపణి దేశంలోని పెద్ద విపణులలో ఒకటి. 1913లో స్థాపితమైన అనకాపల్లి పరిశోధనా స్థానం చెరకు పరిశోధనకు ప్రసిద్ధం. చెరకు రసం, ఈత రసం, రెండింటి బెల్లాలను పక్కపక్కన రుచి చూపడం మరెక్కడా సులభంగా దొరకని అనుభవం.

వేసవిలో తాటి నీరా, ముంజెలు, సాయంకాలపు సముద్రపు గాలి. ఇది విశాఖ నగరవాసులకు ఒక రోజు యాత్రగా అనువైన కాలం. వర్షాకాలంలో తాటిపండు పక్వానికి వస్తుంది. దాని గుజ్జుతో చేసే గారెలు, రొట్టెలు, తాండ్ర ఆ కాలపు ఆకర్షణ. దారిలో శంకరం వద్ద బొజ్జన్నకొండ బౌద్ధ గుహలు, కొండకర్ల ఆవలోని పక్షులు, వరాహ నది ఒడ్డున లక్క బొమ్మలకు పేరొందిన ఏటికొప్పాక ఉన్నాయి. వీటితో కలిపినప్పుడు మద్యం సేవించని కుటుంబాలకు కూడా ఈ మార్గం సంపూర్ణమైన యాత్ర అవుతుంది.

ఇతర ప్రాంతాల అనుభవం

గోవాలో జీడిమామిడి పండ్ల రసంతో తీసే ఫెనీకి 2009లో భౌగోళిక గుర్తింపు లభించింది. ఆ తర్వాత జీడితోటలోనే తయారీని చూపి, వివరించి, రుచి చూపే యాత్రలకు ఆదరణ కలిగింది. కేరళలో 1996లో సారా నిషేధించబడినా కల్లు దుకాణాలు కొనసాగాయి. అక్కడి దుకాణాలలో పలువురు యాత్రికులు కల్లు కంటె అక్కడ వండే చేపల కూర కోసమే వెళతారు. తెలంగాణలో 2023లో హైదరాబాదు హుస్సేన్ సాగర్ తీరాన నీరా కేఫ్ ప్రారంభమైంది. ఈ మూడింటి నుండి మూడు పాఠాలు గ్రహించవచ్చును. పానీయానికి ఊరి పేరు తోడైతే విలువ పెరుగుతుంది. పానీయం కంటె దానితో వడ్డించే భోజనం నుండి ఎక్కువ ఆదాయం రావచ్చు. మత్తు లేని నీరాను కూడా నగరవాసులు కోరి కొంటారు.

ఆరోగ్య భద్రత

మద్యం విషయంలో తెలుగు పల్లెలకు చేదు అనుభవం ఉన్నది. నెల్లూరు జిల్లా దూబగుంట మహిళలు ఆరంభించిన ఉద్యమం 1993లో సారా నిషేధానికి, 1995లో సంపూర్ణ మద్య నిషేధానికి దారితీసింది. ఆ ఉద్యమానికి కారణమైన కష్టాన్ని పర్యాటకం పేరుతో తిరిగి తేరాదు. అందుచేత ఈ మార్గానికి ముఖచిత్రం నీరా, ముంజెలు, బెల్లం కావాలి. కల్లు లైసెన్సు గల చోట, పెద్దలకు, పరిమితంగా మాత్రమే ఉండాలి. కల్లు రుచి చూసినవారు వాహనం నడుపరాదన్న నియమాన్ని నిర్వాహకులే అమలు చేయాలి.

రెండవ ప్రమాదం కల్తీ. చెట్లు ఇచ్చేదానికంటె గిరాకీ ఎక్కువైనప్పుడు నీళ్లలో క్లోరల్ హైడ్రేటు, అల్ప్రజోలం వంటి మత్తుమందులు కలిపి కల్లుగా అమ్మే దురాచారం ప్రాణాలను తీసింది. చెట్టు, గీసే మనిషి, లొట్టి మూడూ కంటి ఎదుట ఉన్నచోట కల్తీకి తావు తక్కువ. ఒక తోపు రోజుకు ఇచ్చే రసాన్ని బట్టి యాత్రికుల సంఖ్యను నిర్ణయించాలే గాని, యాత్రికుల సంఖ్యను బట్టి రసాన్ని పెంచరాదు.

మూడవది గబ్బిలాల బెడద. బంగ్లాదేశ్‌లో పచ్చి ఈత రసం ద్వారా నిపా వైరస్ మనుషులకు సోకినట్లు నిర్ధారణ అయినది. రాత్రివేళ పండ్లు తినే గబ్బిలాలు రసం కోసం వచ్చి, గీసిన చోటనూ కుండనూ తమ ఉమ్మితో, మూత్రంతో కలుషితం చేయడమే అందుకు కారణం. గీసిన భాగాన్నీ లొట్టి మూతినీ కలిపి వెదురు తడకతో కప్పడం అక్కడ నివారణగా ప్రచారం చేశారు. యాత్రికులకు పచ్చి రసం ఇచ్చే ప్రతి చెట్టుకూ ఇటువంటి కప్పు తప్పనిసరి చేయాలి. మూసి ఉన్న మంచు పెట్టె కిణ్వనాన్ని మందగింపజేయడంతో పాటు గబ్బిలాన్ని కూడా దూరంగా ఉంచుతుంది.

గీత కార్మికుని భాగం

15 మీటర్ల ఎత్తున్న 10 చెట్లను ఒక కార్మికుడు రోజుకు రెండుసార్లు ఎక్కుతాడనుకొందాం. అతడు నిత్యం 300 మీటర్లు మోకు మీద పైకి వెళ్లి, అంత దూరమూ దిగుతున్నాడు. జారిపడినచో ప్రాణమో నడుమో పోతుంది. ఆ శ్రమకు ప్రతిఫలం లీటరు లెక్కన మాత్రమే వస్తున్నంత కాలం, ఈ వృత్తిని కొడుకుకు నేర్పడానికి తండ్రి ఇష్టపడడు. గీసేవాడు లేని చెట్టు భూయజమానికి నీడతో పంటను తగ్గించే అడ్డంకిగా కనిపిస్తుంది, చివరకు నరికివేయబడుతుంది. నరికిన తాడికి బదులు నేడు టెంక నాటినా అది గెల వేసేసరికి ఒక తరం గడుస్తుంది.

యాత్ర వలన ఈ లెక్క మారగలదు. యాత్రికుడు రసానికే కాక, గీత చూడడానికీ వివరణ వినడానికీ కూడా రుసుము చెల్లిస్తాడు. ఆ రుసుము పర్యాటక సంస్థకు గాక గీత సహకార సంఘానికి చేరాలి. ఈ ఏర్పాటు చేసేటప్పుడు క్రింది అంశాలను పాటించడం ఉచితం.

1. గీసే కార్మికునికి రసం ధర, ప్రదర్శన రుసుము వేరువేరుగా చెల్లించాలి.
2. నడుముకు భద్రతా పట్టీ, ప్రమాద బీమా లేకుండా ఏ ప్రదర్శననూ నిర్వహించరాదు. యాత్రికులను చెట్టు ఎక్కనీయరాదు.
3. భూయజమానికి చెట్టుకు ఇంత అని ఏటా అద్దె నిర్ణయించాలి. అప్పుడే చెట్టును నిలుపుకోవడం అతనికి లాభం.
4. నీరా, ముంజెలు, తేగలు, తాటిపండు, బెల్లం తయారీలో మహిళా సంఘాలకు ప్రాధాన్యం ఇవ్వాలి.
5. ప్రతి లొట్టికి గీసిన వేళ, దించిన వేళ, ఉదజని సూచిక రాసిన చీటీ కట్టాలి.
6. ఆదాయంలో ఒక భాగాన్ని తాడి, జీలుగు మొక్కలు నాటడానికి కేటాయించాలి.

ముగింపు

బీరు యాత్రకు కావలసినవి పెట్టుబడి, యంత్రాలు, దిగుమతి ముడిసరకు. తాటి నీరా దారికి కావలసినవి శుభ్రమైన లొట్టి, మంచు పెట్టె, గబ్బిలం నుండి కాపాడే కప్పు, చెట్టెక్కే మనిషికి గౌరవప్రదమైన ప్రతిఫలం. మొదటి మూడింటినీ పరిశోధనా స్థానాలు, విస్తరణ సిబ్బంది ఒకటి రెండు వేసవులలో గ్రామాలకు అందించగలరు. నాలుగవది కుదరనిచో మిగిలినవి నిరుపయోగం. మాకవరపాలెం పరిసరాలలో ఒక తోపును, ఒక గీత సహకార సంఘాన్ని ఎంచుకొని రానున్న ఫిబ్రవరి నుండి మే వరకు ఈ పద్ధతిని ఆచరించి, రోజువారీ రసం, అమ్మకం, కార్మికుని ఆదాయం నమోదు చేయడం తొలి మెట్టు. ఆ లెక్కలలో కార్మికుని దినసరి ఆదాయం పెరిగినట్లు తేలినప్పుడే ఈ మార్గాన్ని తీరం వైపూ కొండ వైపూ విస్తరించాలి.